కథలకు వాయిదా

పదిహేడేళ్ళ వయసులో కథలు చదువుతానంటే మా ఇంట్లో గానీ, బంధువుల్లో గానీ ఎవరూ వద్దనరు. రాస్తానన్నా వద్దనరు. “మంచిదేమ్మా, ముందు ఇంటర్ అయిపోనీ” అంటారు. ఇంటర్ తర్వాత నీట్ ఉంది. నీట్‌లో సీటు వస్తే ఇంటర్న్‌షిప్పుతో కలిపి ఐదున్నరేళ్ళ ఎంబీబీఎస్ ఉంది. ఆ వెనకాల పీజీ, ఉద్యోగం, పెళ్ళి వరసగా నిలబడి ఉన్నాయి. ఈ లెక్కన తీరిగ్గా ఒక నవల పట్టుకుని కూర్చునే వేళకు నాకు ముప్పై దాటతాయి. వద్దనేవాళ్ళతో పోట్లాడవచ్చు. ప్రేమగా వాయిదా వేసేవాళ్ళతో పోట్లాట పెట్టుకోవడం కష్టం, ఎందుకంటే వాళ్ళు మన పక్షాన ఉన్నారు, లేదా ఉన్నామని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. ఈ వ్యాసం వాళ్ళ కోసమే రాస్తున్నాను. పదిహేడేళ్ళప్పుడు చదవగలిగిన కథను, రాయగలిగిన కథను ముప్పై ఏళ్ళ దాకా దాచిపెట్టడం కుదరదని, అప్పుడు చేతికి వచ్చేది వేరే కథ అని నా వాదన.

మాది తిరుపతిలో కొర్లగుంట. నేను బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హాస్టలులో లేను కాబట్టి మా స్నేహితురాళ్ళ దృష్టిలో నేను అదృష్టవంతురాలిని, కానీ పొద్దున ఏడింటికి కాలేజీ బస్సు ఎక్కితే రాత్రి స్టడీ అవర్ ముగించుకుని ఇల్లు చేరేసరికి వీధిలో అంగళ్ళు మూసేస్తుంటారు. ఈ దినచర్య గురించి ఫిర్యాదు చేయడానికి కూర్చోలేదు, ఈ ఊళ్ళో నా వయసువాళ్ళు వేలమంది ఇలాగే ఉన్నారు. ఇందులో కథకు చోటు ఎక్కడ ఉందో చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను. బస్సులో ఉంది, ఆదివారం మధ్యాహ్నం ఉంది, జువాలజీ మెటీరియల్ కింద ఉంది. మెటీరియల్ కింద ఉన్న నవలను ఒకసారి మా ఫ్లోర్ ఇన్‌చార్జి సారు పట్టుకున్నారు. తిట్టలేదు. “క్వార్టర్లీ అయ్యాక వచ్చి తీసుకో” అన్నారు. ఇక్కడా వాయిదానే. పరీక్షలయ్యాక వెళ్ళి అడిగితే బల్ల సొరుగులోంచి తీసి ఇచ్చారు. నేను మడిచిపెట్టుకున్న పేజీ అలాగే ఉంది, దానికి చాలా ముందు ఇంకో పేజీ మూల మడిచి ఉంది. సారును ఏమీ అడగలేదు గానీ, అప్పటినుంచి ఆయన మీద నాకు ఉన్న కోపం చాలావరకు తగ్గిపోయింది.

పెద్దవాళ్ళు చెప్పే ఆ తర్వాతి కాలం నిజంగా వస్తుందా అన్నది మొదటి ప్రశ్న. పదో తరగతితో మాలో చాలామందికి తెలుగు అయిపోతుంది. ఇంటర్‌లో ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకుంటే మార్కులు తేలికగా వస్తాయన్న లెక్కతో కాలేజీలే సెక్షన్లకు సెక్షన్లను అటు మళ్ళిస్తాయి. మా సెక్షన్లో తెలుగు తీసుకున్నవాళ్ళు ఎవరూ లేరు, నాతో సహా. సంస్కృతం మీద నాకు ద్వేషం లేదు, ఆ భాషను నిజంగా నేర్పితే సంతోషంగా నేర్చుకునేదాన్ని. అచ్చేసిన జవాబులను బట్టీపట్టి, సంస్కృతంలో ఒక వాక్యం సొంతంగా కట్టడం రాకుండానే నూటికి తొంభై పైన తెచ్చుకునే ఏర్పాటును భాష నేర్వడం అనలేము కదా. ఈ ఏర్పాటువల్ల తెలుగు కథ గురించి ఒక ఉపాధ్యాయుడు గట్టిగా మాట్లాడగా విన్న ఆఖరి సందర్భం మాకు పదిహేనేళ్ళ వయసులోనే ముగిసిపోయింది. పదో తరగతి ఉపవాచకంగా ఉన్న రామాయణంలోనైనా మాకు మిగిలినవి పాత్ర స్వభావాలు, ఒక్కో పాత్రకు ఇన్ని మార్కులని. అక్కడితో చదివే అలవాటు ఆగిపోయిన మనిషి పదిహేనేళ్ళ తర్వాత ఒక రోజు తీరిక చిక్కిందని ఆరువందల పేజీల నవల తెరుస్తుందని నమ్మమంటే నమ్మకం కలగడం లేదు. మా బంధువుల్లో డాక్టర్లు, ఇంజనీర్లు ఉన్నారు. వాళ్ళకు తీరిక ఉంది. వాళ్ళ ఇళ్ళలో షోకేసులూ ఉన్నాయి. కథల పుస్తకాలు మాత్రం కనిపించలేదు.

లైబ్రరీలో పరిస్థితీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపన్ను కట్టే ప్రతివారూ రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడతారు. ఈ సంగతి నాకు తెలిశాక, మా నాన్నకు చెప్పి, మన డబ్బుతో కొన్న పుస్తకాలు చూసి వద్దాం రమ్మని ఒక ఆదివారం తీసుకెళ్ళాను. హాలు నిండా మనుషులే. అందరి ముందూ గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల గైడ్లే. వాళ్ళ అవసరాన్ని నేను చిన్నచూపు చూడను, ఆ బల్లల మీద వాళ్ళ కుటుంబాలు ఆధారపడి ఉన్నాయి. నవలలు మాత్రం గోడవారగా ఉన్న ఇనుప బీరువాలో ఉన్నాయి, బీరువాకు తాళం ఉంది. అడిగితే లైబ్రేరియన్ గారు వెతికి తాళంచెవి తెచ్చారు, బీరువా తెరిచాక ఆయనే పక్కన నిలబడి కాసేపు పుస్తకాల వీపులు చదువుకున్నారు. “ఈ బీరువా అడిగేవాళ్ళు తక్కువమ్మా” అన్నారు. తక్కువ కాబట్టి తాళం వేశారో, తాళం ఉంది కాబట్టి తక్కువో తేల్చడం ఆయన పని కాదు. ఆ రోజు నాన్న కూడా ఒక డిటెక్టివ్ నవల తీసుకున్నారు, తన ఇంటర్ రోజుల్లో అద్దెకు తెచ్చుకుని చదివేవారట. ఇంటికొచ్చి రెండు పేజీలు చదివి నిద్రపోయారు. ఇరవై ఐదేళ్ళ వాయిదా తర్వాత జరిగేది ఎక్కువగా ఇదే అని అమ్మతో అంటే, అమ్మ నవ్వింది గానీ నాన్న నవ్వలేదు.

నన్ను సమర్థించేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళతో నాకున్న తగవు ఇంకొంచెం సూక్ష్మమైనది. కథలు చదివితే భాష బాగుపడుతుందని, ఏకాగ్రత పెరుగుతుందని, రేపు డాక్టరైతే రోగుల బాధ అర్థం చేసుకోవడానికి పనికొస్తుందని వాళ్ళు మా అమ్మకు నచ్చజెబుతారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ ఇష్టాన్ని ఉపయోగం మీద నిలబెడితే ఏమవుతుందో ఒక చిన్న ఉదంతం చెబుతుంది. 2013లో ‘సైన్స్’ అనే పత్రికలో అమెరికాలో పనిచేసే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. సాహిత్య విలువ ఉన్న కథాభాగాలను కాసేపు చదివినవారు, ఫొటోలలో కళ్ళను మాత్రమే చూసి ఎదుటివారి భావాన్ని గుర్తించే పరీక్షలో మెరుగ్గా చేశారని వారు చెప్పారు. ప్రపంచమంతా కథాప్రియులు పండగ చేసుకున్నారు. 2016లో వేరే పరిశోధకులు కలిసి మరింత ఎక్కువ మందితో అదే ప్రయోగాన్ని మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. ఇప్పుడేం చెయ్యాలి? కళ్ళ పరీక్షలో రెండు మార్కులు పెరగవని తెలిసింది కాబట్టి నవల మూసి పక్కన పెట్టాలా? మా కాలేజీలో ప్రతి పనినీ నీట్‌లోని 720 మార్కులకు దగ్గరచేసేదా, దూరంచేసేదా అని తూచే అలవాటు ఉంది. కథను ఆ త్రాసులో వేయడానికి మొదట ఒప్పుకున్నవాళ్ళు, అది తక్కువ తూగిన రోజున ఏమీ మాట్లాడలేరు. అందుకే నా తరఫు వకీళ్ళకు నమస్కారం పెట్టి, ఆ వాదన వద్దంటున్నాను.

ఉపయోగం కాకపోతే మరి ఎందుకు చదువుతావని అడిగితే, నా జవాబు పుస్తకంలో దొరకలేదు, అవ్వావాళ్ళ ఊళ్ళో దొరికింది. మా అమ్మ పుట్టిల్లు పాకాల మండలంలో దామలచెరువు పక్కన ఒక పల్లె. మా చిత్తూరు, తిరుపతి వైపు ఎండాకాలంలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ చెబుతారు, రాత్రి తెల్లవార్లూ నాటకం ఆడతారు. అర్జునుడి తపస్సు రోజున పొడవైన మానును నిలబెడతారు, అర్జునుడి వేషగాడు దాని మీది మెట్లు ఒక్కొక్కటీ ఎక్కుతూ, మెట్టు మెట్టుకూ పద్యం పాడుతూ పైకి చేరి, అక్కడినుంచి నిమ్మకాయలూ విభూతీ విసురుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు కొంగులు పట్టుకుని కాచుకుని ఉంటారు. ఆఖరున మట్టితో పడుకోబెట్టిన భారీ దుర్యోధనుడి బొమ్మ చుట్టూ గదాయుద్ధం నడుస్తుంది, భీముడు తొడ మీద కొడతాడు, ద్రౌపది జుట్టు ముడివేసుకుంటుంది. దుర్యోధనుడు చస్తాడని అక్కడున్న పసిపిల్లకు కూడా తెలుసు. అయినా పోయిన ఏడు మా అవ్వ, నడుము నొప్పితో ఇంట్లో పది నిమిషాలు కింద కూర్చోలేని మనిషి, అభిమన్యుడు పడే రాత్రి తెల్లారేదాకా చాప మీద కూర్చుని ఏడ్చింది. తెల్లారి పొయ్యి దగ్గర అడిగాను, తెలిసిన కథే కదా అవ్వా అని. “తెలిస్తే మాత్రం, వాడు లోపలికి పోతాంటే చూస్తా ఉండాల గదా మే” అంది.

నా జవాబూ అదే. తెలుసుకోవడం వేరు, వాడు లోపలికి పోతుంటే చూస్తూ కూర్చోవడం వేరు. రెండోదానికి కథ కావాలి. ఆ చాపల మీద ముందు వరసలో కూర్చునేవాళ్ళంతా పిల్లలే అన్న సంగతినీ గమనించాలి. జీవితం చూశాక రండి, ఇప్పుడు ఇంటికి పోయి పడుకోండి అని అక్కడ వాళ్ళనెవరూ పంపించరు. మా ప్రాంతంలో కథ ఎప్పుడూ తీరిక వేళల సరుకు కాదు, పద్దెనిమిది రోజులు కథ కోసం ఊరే తీరిక చేసుకుంటుంది. ఆ ఊరినుంచి వచ్చినవాళ్ళే తిరుపతిలో మేడ కట్టుకున్నాక, పిల్ల నవల పట్టుకుంటే గడియారం చూస్తారు.

చదవడం గురించి ఇంతవరకు ఒప్పించినా, రాయడం దగ్గరికి వచ్చేసరికి బలమైన అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. “నీకేం అనుభవం ఉందని రాస్తావు?” మా పెదనాన్న ఈ ప్రశ్న అడిగినప్పుడు వెక్కిరింపు లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. ఇలాంటప్పుడు చిన్న వయసులో గొప్పగా రాసినవాళ్ళ జాబితా చదవడం ఆనవాయితీ. మేరీ షెల్లీ 1816లో పద్దెనిమిదేళ్ళకే ఫ్రాంకెన్‌స్టైన్ నవల మొదలుపెట్టింది, 1818లో అది అచ్చయింది. అంత దూరం పోనక్కరలేకుండా, ఇప్పుడు చిత్తూరు పట్టణంలో భాగమైపోయిన కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా ఉండగా 1899లో ముసలమ్మ మరణము అనే కావ్యం రాశారు, అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు నిండలేదు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ఊరి కోసం ప్రాణమిచ్చిన కోడలి కథ అది. ఆయన ఆ చెరువు తెగడం చూడలేదు, కోడలిగా బతకలేదు. కానీ ఈ జాబితా మీద నేను ఎక్కువ బరువు పెట్టను. అసాధారణులను చూపించి సాధారణులకు అనుమతి అడగడం బలహీనమైన వాదన, పెదనాన్న వెంటనే “నువ్వు కట్టమంచివా?” అంటారు, నేను కాదు.

పెదనాన్న వాదనకు మంచి ఉదాహరణ నేనే ఇచ్చాను. డాక్టర్ కేశవరెడ్డి 1946లో చిత్తూరు జిల్లాలో పుట్టారు. వైద్యం చదివి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పనిచేశారు. నవలలు ఆ ఉద్యోగం చేస్తూనే రాశారు. అంటే డాక్టరయ్యాక రాసుకో అని మా ఇంట్లో చెప్పే సలహాకు ఆయన జీవితమే సాక్ష్యంలా కనిపిస్తుంది. పెదనాన్న సంతోషించారు. కానీ ఆయన నవలలు తెరిచి చూస్తే అక్కడి నేల డిచ్‌పల్లి కాదు. చాలావాటిలో ఆయన వదిలి వచ్చిన చిత్తూరు జిల్లా పల్లెలే ఉంటాయి. అతడు అడవిని జయించాడు నవలలో ఒక ముసలివాడు తప్పిపోయిన తన పందిని వెతుక్కుంటూ రాత్రివేళ అడవిలోకి పోతాడు. ఆ చీకటిలో ఏ చెట్టు ఎలా కనిపిస్తుందో, ఏ చప్పుడు దేనిదో పోల్చుకునే చెవి ఆసుపత్రిలో తయారైంది కాదని ఆ పుస్తకం చదివినవారెవరైనా ఒప్పుకుంటారు. రాసింది తర్వాతే కావచ్చు, రాయడానికి కావలసింది ఆయన ముందే పోగేసుకున్నారు. వాయిదా వేయమనేవాళ్ళు ఈ పోగేసుకోవడాన్ని లెక్కలోకి తీసుకోరు. నేను దాన్ని నోటుబుక్కుతో చేస్తున్నాను, అంతే తేడా.

ఇంతకూ నేను ఏం పోగేస్తున్నానో చెప్పకపోతే ఇదంతా గాలిమాటగా మిగిలిపోతుంది. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర కుప్పకూలింది. ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిది రూపాయలు ఇవ్వాలని, పైన ప్రభుత్వం నాలుగు రూపాయలు కలుపుతుందని ప్రకటించారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరి నిలబడ్డాయి. ఇవన్నీ పేపర్లలో వచ్చాయి, టీవీల్లో వచ్చాయి. మా తాతకు ఉన్నది కొద్దిపాటి తోట, ఆయన కాయను మండీకి వేశారు. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. తాత వచ్చి తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కున్నారు, మామూలుకంటే ఎక్కువసేపు కడుక్కున్నారు. అవ్వ సంగటి పెట్టి ఊరిబిండి వేసింది. ధర ఎంతని అడగలేదు. ఆయన చెప్పలేదు. తిన్నాక చొక్కా జేబులోంచి నాలుగు మడతల తూకం చీటీ తీసి, కళ్ళజోడు దగ్గర లేదంటూ నాకు ఇచ్చారు. “ఎంతుండాదో సదువు మే.” నేను బరువు చదివాను, తరుగు చదివాను, మిగిలింది చదివాను. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు, తరుగు చదివేటప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. తాత ఆ చీటీని తిరిగి అదే మడతల మీద మడిచి క్యాలెండరు మేకుకు గుచ్చారు. కళ్ళజోడు ఆయన పై జేబులోనే ఉంది.

ఇందులో నా అనుభవం ఎంత? నేను తోట పెంచలేదు, అప్పు చేయలేదు, అరవై ఐదేళ్ళు బతకలేదు. కానీ పెద్దవాళ్ళు ఎవరూ చూడని చోట నేను కూర్చుని ఉన్నాను. నా వయసువాళ్ళకు ఉండే ఒక సౌకర్యం ఇదే: మా ముందు పెద్దవాళ్ళు జాగ్రత్త పడరు. ఇంకో పదేళ్ళకు నేను అల్లుడితో వచ్చే ఆడపడుచునై, డాక్టరమ్మనై ఆ ఇంటికి వెళితే, తాత కళ్ళజోడు పెట్టుకుని తనే చదువుకుంటారు, ధర అడిగితే బాగానే వచ్చిందని చెబుతారు. అప్పటికి నాకు మండీ కమిషన్లు, తరుగు రాజకీయాలు, గుజ్జు ఎగుమతుల సంగతులు అన్నీ తెలిసి ఉంటాయి కాబట్టి ఆ సాయంత్రాన్ని వివరించేస్తాను కూడా. ఇప్పుడు నాకు వివరణ తెలియదు. ఆయన చదవలేక నాకు ఇచ్చారా, చదవడం ఇష్టంలేక ఇచ్చారా, నా గొంతులో వింటే అవ్వకు తక్కువ బాధగా ఉంటుందనా అన్నది నాకు తెలియదు. నా కథ ఆ తెలియకపోవడంలోనే ఉంది, తెలిశాక రాస్తే అది వ్యాసం అవుతుంది.

అరవై ఐదేళ్ళ మగమనిషి మనసులోకి పదిహేడేళ్ళ పిల్ల ఎలా వెళుతుందని మా పెదనాన్నే మళ్ళీ అడిగారు. ఈ ప్రశ్న తిరుపతిలో అడగవలసింది కాదు. ఏటా మే నెలలో గంగ జాతర వస్తే ఈ ఊరు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు కట్టుకుని వీధుల్లో తిరుగుతుంది. గడ్డాలు, మీసాలు ఉన్న మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని, గాజులు వేసుకుని అమ్మవారి దగ్గరకు వెళతారు. ఆడవాళ్ళను వేధించిన పాలెగాడిని వెతకడానికి గంగమ్మ రోజుకో వేషం కట్టిందన్న కథ మీద ఆ జాతరంతా నిలబడి ఉంది. వేషం కట్టినవాళ్ళను నీకు ఆ హక్కు ఉందా అని ఎవరూ అడగరు, వేషం సరిగ్గా కట్టావా లేదా అని మాత్రం చూస్తారు. బొట్టు వంకరగా ఉంటే పక్కింటి ఆడవాళ్ళే పిలిచి దిద్దుతారు. కథ విషయంలోనూ నేను అంతవరకే ఒప్పుకుంటాను. తాతను రాయడానికి నాకు హక్కు ఉందా అని కాకుండా, నేను రాసిన తాత చేతులు తాత చేతుల్లా ఉన్నాయా అని అడగండి, తలవంచుకుని వింటాను.

ఆ పరీక్షలో మొదట తేలేది మాటలే. పాఠ్యపుస్తకాల తెలుగు మాత్రమే చదివినవాళ్ళం కాబట్టి మా తరంవాళ్ళు రాసే కథల్లో రైతులు కూడా వార్తలు చదువుతున్నట్టు మాట్లాడతారు. దీనికి మందు నాకు దామలచెరువులోనే ఉందని ఆలస్యంగా తెలిసింది. బడిపంతులుగా పనిచేస్తూ, దామలచెరువులో ఉంటూ కథలు రాసిన మధురాంతకం రాజారాం గారికి 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆయన కుమారుడు నరేంద్ర గారికి 2022లో నవలకు అదే పురస్కారం వచ్చింది. మామిడికాయల మార్కెట్టుగానే నాకు తెలిసిన ఊరికి ఇంకో చరిత్ర ఉందన్నమాట. రాజారాం గారి కథలు కొన్నిటిని నేను చదివింది అక్కడ కాదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో స్థాపించిన కథానిలయం వాళ్ళు పాత పత్రికల కథలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెడితే, ఫోనులో పేజీలు పెద్దవి చేసుకుంటూ చదివాను. మా అవ్వావాళ్ళ ఊరి పక్కనే రాసిన కథ, రాష్ట్రానికి ఆ కొసదాకా పోయి తిరిగి నా దగ్గరికి వచ్చింది. మా కాలేజీ మాత్రం తిరుపతిలోనే ఉంది, అక్కడ ఆయన పేరు నేను వినలేదు.

రాయడం మొదలుపెట్టాక చదివే పద్ధతి కూడా మారింది, ఇదొక్కటి ఎవరూ నాకు ముందుగా చెప్పలేదు. ఇదివరకు ఏం జరుగుతుందా అని పేజీలు తిప్పేదాన్ని. ఇప్పుడు ఒక పాత్ర గదిలోకి వస్తే, రచయిత ఆమెను తలుపు దగ్గరే ఎందుకు నిలబెట్టాడు, ఆమె చేతిలో చెంబు ఎందుకు పెట్టాడు, రెండు మాటలు మాట్లాడించి మూడో మాట ఎందుకు ఆపేశాడు అని చూస్తున్నాను. చూసి, అక్కడే ఆగి, మళ్ళీ వెనక్కి పోయి చదువుతున్నాను. ఒక్కోసారి కథలో సంతోషం దీనివల్ల కొంత తగ్గుతుంది, అది నిజమే. ఒక్కోసారి మాత్రం, నాలుగు వారాలుగా నా కథలో నేను దాటలేక ఆగిపోయిన చోటును ఇంకొకరు ఒకే వాక్యంతో దాటేయడం చూస్తే, బస్సులో పక్కనున్నవాళ్ళను తట్టి చూపించాలనిపిస్తుంది. పక్కనున్నవాళ్ళు సాధారణంగా నిద్రపోతూ ఉంటారు.

సమయం సంగతికి వస్తే, ఆ లెక్క చెప్పడానికి నాకు ఇబ్బంది లేదు. మా క్లాసులో రీల్స్ చూడనివాళ్ళు లేరు, వాటికి పోయే అరగంటను ఎవరూ వాయిదా వేయమనరు, “కాస్త రిలాక్స్ అవుతోంది పాపం” అంటారు. అదే అరగంటలో నోటుబుక్కు తీస్తే మాత్రం మార్కుల మాట వస్తుంది. మార్కులు తగ్గితే అందుకు కారణం నేను కథలు రాయడమేనని, పెరిగితే కథలు రాసినా పెరిగాయని అనుకునే న్యాయస్థానం ముందు నేను వేరే సాక్ష్యం ఏమీ ప్రవేశపెట్టదలచుకోలేదు. డాక్టరు కావాలని నాకూ ఉంది. రెండిటిలో ఒకటి ఎంచుకోమని నన్ను అడిగింది జీవితం కాదు, మా కాలేజీ టైంటేబులు.

నేను ఒంటరిగా లేను కూడా. మా సెక్షన్లో ఇంకో ఇద్దరు రాస్తారని ఈ ఏడే తెలిసింది. ఒకమ్మాయి దెయ్యం కథలు రాస్తుంది, అవి చదివితే నాకు నిజంగానే రాత్రిళ్ళు మేడ మీదికి వెళ్ళడానికి భయం వేస్తుంది, అంతకంటే పొగడ్త ఏముంటుంది? ఇంకొకడు క్రికెట్ కథలు రాస్తాడు, ఫోనులో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. వాడి కథల్లో ప్రతివాడూ ఆఖరి బంతికే గెలుస్తాడు, అది మార్చమంటే వినడు. శనివారం లంచ్ బెల్లులో ముగ్గురం నోటుబుక్కులు మార్చుకుంటాం. తాత కథ ఇద్దరూ చదివారు. కళ్ళజోడు జేబులోనే ఉందన్న వాక్యం తీసేయమని ఆ అమ్మాయి అంటుంది, అది చెప్పేస్తే పాఠకుడికి పని లేకుండా పోతుందట. వాడు అదే వాక్యం మొదట్లోకి తెమ్మంటాడు. ఎవరి మాట వినాలో వచ్చే శనివారంలోపు నేను తేల్చుకోవాలి, సోమవారం నుంచి ప్రీ-ఫైనల్స్.